ఏ కొండ, ఏ వేళ: విశాఖ చూడవచ్చేవాళ్లకి ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల్లో మా తోడల్లుడి కుటుంబం నిజామాబాద్ నుంచి వచ్చింది. నాకు డ్యూటీ ఉండటంతో మొదటి రోజు దగ్గరుండి తిప్పలేకపోయాను, ఒక కారు మాట్లాడి పంపించాను. ఆ డ్రైవర్ ఒకే రోజులో ఏడు పాయింట్లు చూపిస్తానని చెప్పి, కైలాసగిరికి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకి తీసుకెళ్లాడట. నెత్తి మీద ఎండ, రోప్‌వే దగ్గర క్యూ, సముద్రమేదో ఆకాశమేదో తెలియనంత మసక. శివపార్వతుల విగ్రహాల ముందు ఫోటో దిగి, నీళ్ల సీసాలు కొనుక్కుని దిగిపోయారు. రాత్రి అన్నాలు తింటుంటే మా తోడల్లుడు "బాగానే ఉందన్నా, కానీ అందరూ చెప్పినంత ఏం లేదు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నవాణ్ని, నాకు నిజంగా బాధేసింది.

మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌కి నేనే తీసుకెళ్లాను. వాళ్ల చిన్నవాడు ఇసకలో సముద్రం వైపు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎంతసేపైనా కదలడు. ఏంట్రా అంటే, "పెదనాన్నా, సూర్యుడు నీళ్లలో ఎప్పుడు మునుగుతాడు?" అని అడిగాడు. వాడు ఫోన్లో చూసిన ఫోటోలన్నీ అలాంటివే మరి. వాడి వెనకాల, బీచ్ రోడ్డు మేడల అవతల, పొద్దు అప్పటికే వాలిపోయింది. మనది తూర్పు తీరం, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు అని చెబితే వాడి మొహం చిన్నబోయింది. రెండు రోజులు ఈ ఊళ్లో తిరిగినా ఆ ఒక్క ముక్క వాడికి చెప్పినవాళ్లు లేరు, అందులో నేనూ ఉన్నాను.

విశాఖలో చూడటానికి కొండలకి కొదవ లేదు. లేనిదల్లా ఏ కొండ ఏ వేళప్పుడు ఎక్కాలో, ఎక్కాక ఎటు తిరిగి చూడాలో చెప్పే ఏర్పాటు. అదేదో పెద్ద విద్య కూడా కాదు. కైలాసగిరి మీద నిలబడితే ఒక పక్క ఆర్కే బీచ్ మీదుగా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ దాకా ఊరు కనిపిస్తుంది, ఇంకో పక్క సాగర్‌నగర్, రుషికొండ తీరం కనిపిస్తుంది. పొద్దున పూట ఎండ తూర్పు నుంచి పడుతుంది కాబట్టి ఊరి వైపు చూడాలి, బిల్డింగులు ఒక్కొక్కటీ తేటగా కనిపిస్తాయి. సాయంత్రం నాలుగు దాటాక ఎండ మన వెనక నుంచి వస్తుంది కాబట్టి రుషికొండ వైపు తిరగాలి, అప్పుడు అలల నురగ గీత గీసినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎటు చూసినా ఒకటే, కళ్లు చిట్లించుకోవడం తప్ప ఏమీ ఉండదు. కొద్దిగా ఓపిక ఉన్నవాళ్లు మెట్ల దారిన నడిచి ఎక్కితే ఇంకా మంచిది, మలుపు తిరిగినప్పుడల్లా సముద్రం కొంచెం కొంచెంగా పెద్దదవుతుంది.

మూడో రోజు సెలవు పెట్టాను. పొద్దున్నే వాళ్లని పాత ఊళ్లో రాస్ హిల్‌కి తీసుకెళ్లాను. విశాఖలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్ నోస్. ఆ కొండకీ ఈ ఒడ్డుకీ మధ్య నుంచే ఓడలు లోపలి హార్బర్‌లోకి వెళ్తాయి, 1933లో పోర్టు మొదలైనప్పటి నుంచీ అదే దారి. మా అదృష్టం కొద్దీ మేం వెళ్లిన అరగంటకి ఒక పెద్ద సరుకు ఓడ వచ్చింది. దాన్ని లాగే చిన్న పడవలు, ముందొక టగ్గు, వెనకొక టగ్గు, మధ్యలో ఆ ఓడ ఎంత నెమ్మదిగా కదిలిందంటే, కొండే అటు జరుగుతోందా అనిపించింది. ఓడ అంచున నారింజరంగు చొక్కా వేసుకున్న మనిషి ఒకడు రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా చిన్నవాడు చెయ్యి ఊపాడు. అతను కూడా ఊపాడు. నిజామాబాద్ వెళ్లాక వాడు బడిలో చెప్పింది కైలాసగిరి గురించి కాదట, ఆ మనిషి గురించట. అక్కడికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట, అవి పూజలూ ప్రార్థనలూ జరిగే కొండలు, ఆ గౌరవంతోనే మెలగాలి.

అయితే అక్కడ పిట్టగోడ మీద చెయ్యి ఆనించి తీస్తే అరచేతికి నల్లటి పొడి అంటుకుంది. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళి అది, పాత ఊళ్లో బట్టలు ఆరేసుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన పొడే. పిల్లవాడు చెయ్యి చూపించి "ఇదేంటి పెదనాన్నా" అంటే చెప్పడానికి సిగ్గేసింది. చూడటానికి రమ్మని పిలుస్తున్న ఊరు, ఆ ధూళి సంగతి కూడా తేల్చాలి.

ఆ రోజు సాయంత్రం మళ్లీ కైలాసగిరికే వెళ్దామన్నాను. చూశాం కదా అన్నారు. పట్టుబట్టి తీసుకెళ్లాను. అంతకుముందు రాత్రి బాగా వాన పడింది, గాలిలో దుమ్మంతా కడిగేసినట్టు ఉంది. ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు సముద్రం వైపు కాకుండా కంబాలకొండ, సింహాచలం కొండల వెనక్కి దిగుతుంటే వరసగా ఒకదాని వెనక ఒకటి కొండలు నీలంగా మారాయి. మా తోడల్లుడు అరగంట సేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, మొన్న మేం వచ్చింది ఈ కొండకేనా?" అన్నాడు.

డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ దగ్గరికి సందర్శకుల్ని అన్ని వేళలా రానివ్వరు. నేవీ ప్రాంతం కాబట్టి ఫోటోలకి కూడా హద్దులుంటాయి, ముందే వేళలు కనుక్కుని వెళ్లాలి. సింహాచలం దర్శనానికి వెళ్లేవాళ్లు ఘాట్ రోడ్డులో ఎలాగూ ఊరిని చూస్తారు. తొట్లకొండ మాత్రం చాలామంది వదిలేస్తున్నారు. భీమిలి రోడ్డులో ఉంది, 900కె బస్సు ఆ దారినే పోతుంది, కాకపోతే పైదాకా వెళ్లదు, రోడ్డు మీద దిగి ఎక్కాల్సిందే. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం. వాన నీళ్లు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లను బట్టే దానికా పేరు. నీడ తక్కువ, టోపీ, నీళ్లు తప్పనిసరి. భిక్షువులు కూర్చున్న చోటే మనమూ కూర్చుని అదే సముద్రాన్ని చూడొచ్చు. ఏ టికెట్ పెట్టి కొందామన్నా ఇంకెక్కడా దొరకని సంగతి అది.

నేను అడిగేది కోట్ల ఖర్చు కాదు. రైల్వేస్టేషన్లో, ఆర్టీసీ కాంప్లెక్సులో తెలుగులో ఒక్కో బోర్డు పెట్టండి. ఏ కొండకి ఏ బస్సు, నడిచి ఎక్కడానికి ఎంతసేపు, పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా. కొండ మీద నిలబడే చోట ఇంకో చిన్న పలక పెట్టి, అది డాల్ఫిన్ నోస్, అది రుషికొండ, అది సింహాచలం కొండ అని బాణం గుర్తులతో రాయండి. ఇప్పుడు మనవాళ్లు పైకెక్కి, కనిపిస్తున్నదేంటో తెలియక, ఐ లవ్ వైజాగ్ అక్షరాల ముందు నిలబడి దిగిపోతున్నారు. కారు మాట్లాడుకునే స్తోమత లేని కుటుంబం కూడా బస్సులో వచ్చి పిల్లలకి ఈ ఊరిని పైనుంచి చూపించుకోగలగాలి.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు వేస్తారు కదా, వాటి కింద ఒక్క లైను కలపండి, ఈ రోజు ఆకాశం తేటగా ఉందా, మబ్బుగా ఉందా, కొండ ఎక్కితే ఏమైనా కనిపిస్తుందా అని. సంక్రాంతికి మా తోడల్లుడి పిల్లలు మళ్లీ వస్తున్నారు. ఈసారి చిన్నవాణ్ని తెల్లవారుజామునే ఆర్కే బీచ్‌లో కూర్చోబెట్టాలి, సూర్యుడు నీళ్లలోంచి లేవడం వాడికి బాకీ ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వన్‌టౌన్, విశాఖపట్నం.