మీ తమ్ముడు చెప్పాక ఏం చెయ్యాలంటావా?

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ బావా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో అంత మెల్లగా మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా. తీరా చూస్తే మీ తమ్ముడు తను గే అని నీకు చెప్పాడు. "అంతేనా?" అన్నానని నీకు కోపం వచ్చింది కదా. నీ టెన్షన్ నాకు అర్థం కాక కాదు. పక్కగదిలో మీ ఆవిడ, పిల్లలు పడుకుని ఉంటే నువ్వేం మాట్లాడతావు, నేనేం చెబుతాను? అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చో.

మా అక్క సంగతి నీకు సగమే తెలుసు. పెళ్లి చేసుకోలేదని, మియాపూర్‌లో ఎవరో లెక్కల టీచర్‌తో కలిసి ఉంటుందని, అంతవరకు. మిగతా సగం నీకు రాయొచ్చా అని అక్కనే అడిగా. "రాయి. కానీ వాళ్ల తమ్ముణ్ణి అడక్కుండా మీవాడు ఇంకెవరికీ చెప్పకూడదు. వాళ్లావిడకి కూడా" అంది. మీ ఇద్దరి మధ్య దాపరికాలు ఉండవని నాకు తెలుసు. అయినా ఇది వాడి సంగతి, ఎవరికి ఎప్పుడు చెప్పాలో వాడి ఇష్టం. మన ఇళ్లలో "ఎవరికీ చెప్పకు" అంటూనే సాయంత్రానికల్లా వీధి చివర దాకా చెప్పేస్తారు. నువ్వు ఆ పని చెయ్యవు గానీ, మీ పిన్ని ముందు మాత్రం జాగ్రత్త.

ఆ టీచర్ కూడా ఆడమనిషే, వాళ్లిద్దరూ జంట. ఈ సంగతి అక్క నాకు చెప్పింది 2018 సెప్టెంబర్‌లో. స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 6వ తారీఖున వచ్చింది, ఆ వారంలోనే. తీర్పు చూసి ధైర్యం వచ్చి చెప్పిందనుకున్నా. కాదట. ఆ రోజు అక్క తెనాలిలోనే ఉంది. టీవీలో ఆ వార్త వస్తుంటే నాన్న ఛానల్ మార్చలేదట. చర్చంతా చూసి, ఒక్క తిట్టు కూడా తిట్టకుండా లేచి భోజనానికి వెళ్లాడట. నాన్న తిట్టని విషయం ఇంట్లో ఒక్కడికైనా చెప్పొచ్చు అనిపించిందట. ఆ ఒక్కణ్ణీ నేనయ్యా. మీ తమ్ముడు కూడా నీ దగ్గర అలాంటిదేదో గమనించే ఉంటాడు. నువ్వు ఎప్పుడు ఏమన్నావో, ఏమనలేదో గుర్తుందా?

ఈ చట్టం గొడవ కొంచెం తెలుసుకోరా, ఎందుకంటే మీ నాన్నగారు మొదట అడిగేది "ఇది నేరం కదా?" అనే. 377 బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన శిక్షాస్మృతిలోది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడితే అది నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు అంది. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అక్క, టీచర్ కలిసి ఇల్లు తీసుకున్నది సరిగ్గా ఆ తర్వాతే! 2018లో అయిదుగురు జడ్జీలూ ఒకే మాట మీద నేరం కాదని తేల్చారు. అందులో ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి ఇందు మల్హోత్రా, వీళ్లకీ వీళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పాలి అని రాశారు. ఆ "కుటుంబాలకీ" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయా.

ఇక "ఎవరైనా డాక్టర్‌కి చూపిస్తే" అన్నావు. వద్దురా. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని చెప్పింది. "మార్చేస్తాం" అంటూ వైద్యం చెయ్యడం వృత్తి నియమాలకి విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది. అయినా డబ్బు తీసుకుని మారుస్తామనేవాళ్లు దొరుకుతూనే ఉంటారు. వాడి తరఫున నువ్వు అడ్డం నిలబడాల్సిన చోట్లలో ఇదొకటి.

మా అమ్మ డాక్టర్ దాకా వెళ్లలేదు, శ్రీకాళహస్తి వెళ్లింది. అప్పటికి అమ్మకి అసలు సంగతి తెలియదు. సంబంధాలు కుదరకపోవడానికి సర్పదోషం కారణమని ఎవరో చెబితే అక్కని తీసుకెళ్లి రాహుకేతు పూజ చేయించింది. అక్క బుద్ధిగా వెళ్లింది, దర్శనం బాగా జరిగిందట. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుని అమ్మే నవ్వుతుంది. "దోషం పోయింది కాబట్టే ఆ టీచర్ దొరికింది" అంటుంది. దీనికి మనమేం సమాధానం చెబుతాం?

తెలియకపోతే నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. 2021లో ఒకరినొకరు ఇష్టపడి మదురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకొచ్చింది. ఈ విషయం తనకే సరిగ్గా తెలియదని ఆయన ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాత తీర్పు రాశారు. ఒక హైకోర్టు జడ్జి! మనకేం నామోషీ చెప్పు.

అసలు తమ్ముడిగా నేను చేసిందేంటి అని అడిగావు. చాలావరకు బంధువులకి సమాధానం చెప్పడమే. పెళ్లి వయసు దాటిన ఆడపిల్లని ప్రతి ఫంక్షన్‌లోనూ ఎలా తినేస్తారో నీకు తెలుసు. మా మేనత్త అయితే విస్తరి ముందు కూర్చోగానే మొదలెట్టేది. ఒకసారి పక్కకి పిలిచి చెప్పా. "అత్తా, అక్క పెళ్లి గురించి ఇకనుంచి నన్నడుగు. అక్కని అడగొద్దు" అని. నిజంగానే నన్ను అడిగింది, ఏడాదిపాటు. ప్రతిసారీ "అక్క బాగుంది అత్తా" అన్నా, అంతే. విసిగిపోయి మానేసింది. పెద్ద ఘనకార్యమేమీ కాదు. కానీ ఆ ఏడాది నుంచే అక్క మళ్లీ పెళ్లిళ్లకి రావడం మొదలుపెట్టింది.

నా పెళ్లి దగ్గర మాత్రం కష్టపడ్డాం. "అక్క ఉండగా తమ్ముడికా?" అని ఊరంతా ఒకటే మాట. అక్కని అడిగి, సంబంధం ఖాయం కాకముందే మా ఆవిడకి విషయం చెప్పేశా. తను కాసేపు ఆలోచించి, "మీ అక్క నాతో బాగుంటారా?" అని అడిగింది. బాగుంటుందన్నా. "అయితే సరే" అంది. వాళ్ల అమ్మానాన్నలకి ఇప్పటికీ చెప్పలేదు. పెళ్లిలో అక్క ఆడపడుచు కట్నం గట్టిగా గుంజింది, టీచరేమో కెమెరాలకి దొరక్కుండా వంటల దగ్గర ఎక్కడో తిరుగుతోంది. చివరికి ఫామిలీ ఫోటోలోకి మా ఆవిడే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఇప్పుడు అసలైన మాట, బ్యాంకువాణ్ణి కాబట్టి నాకు బాగా తెలిసిన మాట చెబుతా. 2018 తీర్పు వీళ్లని నేరస్తులు కాకుండా చేసింది, భార్యాభర్తలని మాత్రం చెయ్యలేదు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ అనే జంట 2021 డిసెంబర్‌లో ఇంట్లోవాళ్ల మధ్యే వేడుక చేసుకుని, తర్వాత పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు, పెళ్లిని గుర్తించడం మా పని కాదు, పార్లమెంటు చూసుకోవాలి అంది. అంటే కాగితం మీద ఎన్నేళ్లయినా అక్కకి టీచర్ బయటి మనిషే. నేనేమో రక్తసంబంధం. తోబుట్టువు సంతకానికి ఉన్న బలం కలిసి బతికే మనిషి సంతకానికి లేదు. ఈ తేడా నాకు నచ్చదు. కానీ ఉన్నన్నాళ్లూ ఆ బలాన్ని వాళ్లకి పనికొచ్చేలా వాడాలి కదా.

ఇది ఎక్కడ తెలిసొచ్చిందంటే, అక్కకి పిత్తాశయంలో రాళ్లని రాత్రికి రాత్రి ఆస్పత్రిలో చేర్పించారు. తీసుకెళ్లింది టీచర్, అడ్వాన్సు కట్టింది టీచర్. అక్కడ కౌంటర్‌లో "మీరు పేషెంట్‌కి ఏమవుతారు?" అన్నారట. ఫ్రెండ్ అంటే "బంధువుల్ని పిలవండి" అన్నారట. నేను విజయవాడ నుంచి కారేసుకుని తెల్లారేసరికి వెళ్లి ఒక సంతకం పెట్టా. రాత్రంతా మెలకువగా ఉన్న మనిషి పక్కన నిలబడి ఉండగా!

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరికొకరు నామినీగా ఉండడానికి ఏ అడ్డూ లేదని. నిజానికి అంతకుముందు కూడా అడ్డేం లేదు, కౌంటర్‌లో ఉన్నవాడి మొహమే అడ్డం. ఇప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంది. ఇద్దరికీ జాయింట్ ఖాతా తెరిపించా. కానీ నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, సొంతదారు కాదు. అందుకని వీలునామా కావాలి. ఫ్లాట్ అక్క పేరు మీద ఉంది, ఈఎంఐలో సగం టీచర్ కడుతుంది. వీలునామా లేకుండా అక్కకి ఏమైనా అయితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది అమ్మానాన్నలకి పోతుంది, వాళ్ల తర్వాత తిరిగి నాకే వస్తుంది. టీచర్‌కి ఒక్క ఇటుక కూడా రాదు. ఇద్దరు సాక్షులుంటే వీలునామా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాం. ఒక సాక్షి సంతకం నాదే. రేపు ఎవరైనా దావా వెయ్యాలంటే అమ్మానాన్నల తర్వాత వెయ్యగలిగేది నేనే కదా, నా సంతకమే అందులో ఉంటే గొడవే లేదు అని లాయర్ నవ్వాడు.

అమ్మకి చెప్పింది కూడా ఆ 2023లోనే. పెళ్లి హక్కు కేసు నడుస్తున్నప్పుడు, పిల్లల తరఫున 400 మందికి పైగా తల్లిదండ్రులు కలిసి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. స్వీకార్ అని ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల బృందం ఒకటుంది, వాళ్లు. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ "అంతమంది ఉన్నారా?" అంది. నేను చెప్పిన మాటలన్నిటికంటే ఆ లెక్కే పనిచేసింది. తను ఒక్కతే తల్లి కాదని తెలియాలి, అంతే.

నాన్న సంగతి వేరు. మియాపూర్ వెళ్తాడు, హాల్లో పడుకుంటాడు, టీచర్‌తో కూర్చుని క్రికెట్ చూస్తాడు, ఊళ్లోకొచ్చి "మా అమ్మాయి స్నేహితురాలు" అంటాడు. ఈ వయసులో ఆయనకి ఇంతే చాలని నేనంటాను. చాలదని అక్క అంటుంది. "నువ్వు ఆయనకి సర్దిచెప్పడం మానేసి నన్ను సర్దుకోమంటున్నావు" అని పోయిన సంక్రాంతికి నాతో పెద్ద గొడవ పెట్టుకుంది. ఇందులో ఎవరిది రైటో ఇంకా తేలలేదు.

ఇలాంటివాళ్లు, వాళ్లకి తోడుగా నిలిచేవాళ్లు కలిసి వీధుల్లో నడిచే ప్రైడ్ నడక హైదరాబాద్‌లో 2013 నుంచి జరుగుతోంది. ఒకసారి అక్కతో వెళ్లా. రంగులు, డప్పులు, తెలుగులో రాసిన అట్టలు. బాగుంది గానీ, సిగ్గేసింది కూడా, ఎవరో బ్యాంకు కస్టమర్ చూస్తాడేమో అని. వెళ్లాలనిపిస్తే నువ్వూ వెళ్లు. మీ తమ్ముడికి ముందు కావలసినవి మాత్రం వేరే.

మీ అమ్మగారు "పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు" అంటారు. రాసిపెట్టుకో, అంటారు. ఆ ఒక్క మాట నువ్వు మొదట్లోనే ఆపెయ్యాలి. అలా చేస్తే వాడి బతుకొక్కటే పోదు, ఏ పాపం తెలియని ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా పోతుంది. వాడికి సంబంధాలు చూడటం ఆపించే బాధ్యత నీది, వాడికి వదిలెయ్యకు.

రెండోది, డబ్బు గుంజే ముఠాలు. ఆ డేటింగ్ యాప్‌ల్లో పరిచయం చేసుకుని, రమ్మని పిలిచి, వీడియో తీసి "మీ ఇంట్లో చెబుతాం" అని బెదిరిస్తారు. ఇంట్లో తెలియకూడదనే భయంతో చాలామంది అడిగినంత ఇచ్చుకుంటారు. మీ వాడితో ఇలా చెప్పు: "ఎవడైనా అలా బెదిరిస్తే ఒక్క రూపాయి ఇవ్వకు, ముందు నాకు ఫోన్ చెయ్యి. ఇంట్లో నాకు ఎలాగూ తెలుసు కదా." బెదిరించి డబ్బు గుంజడం నేరం, వాడు గే అవడం నేరం కాదు. పోలీస్ స్టేషన్‌కి వాడి పక్కన నువ్వు వెళ్తే చాలు.

ఇక "ఎప్పటినుంచి?", "ఎలా తెలిసింది?", "ఎవరైనా అమ్మాయి మోసం చేసిందా?" లాంటివి అడగొద్దు. నువ్వు ఎప్పటినుంచి ఆడవాళ్లని ఇష్టపడుతున్నావని నిన్నెవరైనా అడిగారా? దానికి బదులు వాడు ఎవరితోనైనా ఉంటున్నాడా, ఇంటి ఓనర్‌తో ఇబ్బందేమైనా ఉందా, అడుగు. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, కూతుర్ని తీసుకెళ్లి ఇంట్లో ఉంచేసిన తల్లిదండ్రుల కేసులో, ఆ అమ్మాయి తనకి ఇష్టమైన అమ్మాయితో ఉండొచ్చు, మీరు జోక్యం చేసుకోవద్దు అని చెప్పింది. మీ నాన్నగారు కోర్టు మాటంటే వింటారు కాబట్టి రాస్తున్నా.

వాడికి నా నంబర్ ఇవ్వు. అక్క నంబర్ మాత్రం వాడు అడిగితేనే ఇవ్వు, అడగకపోతే వదిలెయ్. వచ్చే నెల పూణే నుంచి వాడు వస్తున్నాడన్నావు, శనివారం చూసుకుని ఇద్దరూ విజయవాడ రండి. మా ఆవిడ పులస దొరికితే వండుతానంటోంది, దొరక్కపోతే కోడికూర. నువ్వు వాణ్ణి ముందే అడిగి, నాకు తెలుసన్న సంగతి చెప్పి తీసుకురా.

ఉంటా మరి,
నీ బావ