పార్వతీపురం మామయ్య చూసిన పొట్లం

గజపతినగరం,
డిసెంబరు 9

చి. వాసుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు అలాగే ఉంది, అంటే బాగున్నట్టే లెక్క. నువ్వు క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అన్నావు. ఆ 'మళ్లీ'కి ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఉత్తరమైతే మీటింగ్ అయ్యేదాకా జేబులో పడి ఉంటుందని ఇలా రాస్తున్నాను. ప్రత్యేకించి చెప్పాల్సిన విషయమేమీ లేదు.

పెరట్లో మునగ విరగకాసింది. గౌరి ఈనింది, పెయ్యే. కొట్టుగది పెంకులు మార్పించాను, కూలీ ఎంతయిందో చెబితే నువ్వు డబ్బు పంపుతానంటావు, అందుకని చెప్పను. సీతాలు పెళ్లి బాగా జరిగింది. నువ్వు రాలేదని అందరూ అడిగారు. పెళ్లిభోజనంలో మీ పార్వతీపురం మామయ్య నా పక్కనే కూర్చున్నాడు. గుమ్మడికాయ దప్పళం వడ్డిస్తున్నారు. ఆ మనిషికి గొంతు తగ్గించడం ఏనాడూ రాదు కదా. "ఏటి బావా, మీవోడు బెంగళూరులో గంజాయి గింజలు తింటన్నాడు, నీకు తెలుసునా?" అన్నాడు. వడ్డించే కుర్రాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురు వరుసలో మీ పెద్దమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచి మళ్లీ కూర్చుంది.

కార్తీకమాసంలో కళ్లు చూపించుకోవడానికి వచ్చి నీ దగ్గర రెండు రాత్రులు పడుకున్నాడట కదా. ఫ్రిజ్ మీద పొట్లం చూశాడట. హెంప్ అని రాసి ఉందట. అడిగితే "ప్రోటీన్ మామయ్యా" అని నవ్వి పెరుగులో జల్లుకున్నావట. నేనేమీ కంగారు పడలేదు. ఇంటికొచ్చి నిఘంటువు తీశానంతే. రాత్రి పదకొండు దాటినా తీశాను, నిద్ర ఎలాగూ పట్టలేదు కనుక.

నిఘంటువులో హెంప్ అంటే జనుము అని ఉంది. అప్పుడు మాత్రం కొంచెం భయం వేసింది. ముప్పై మూడేళ్లు వ్యవసాయ శాఖలో రైతులకి పచ్చిరొట్ట ఎరువుకని జనుము, జీలుగ పంచినవాణ్ణి. ఆ గింజలు పశువుకే పడవు, మనిషి తినేదేమిటి? తెల్లారి బుజ్జి ఫోనులో వెతికి, ఇది ఆ జనుము కాదు నాన్నా, మామయ్య చెప్పిందే నిజం, గంజాయి జాతి మొక్కే అంది. జనుమైతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

పేర్లతో ఇదే తంటా. నీకు అప్పలస్వామి గోగు చేను కథ చెప్పానా? చెప్పే ఉంటాను, అయినా విను. 1987. గంజాయి మీద కొత్త చట్టం వచ్చి రెండేళ్లయింది. నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్లు. గరివిడి పక్క ఊళ్లో అప్పలస్వామి ఎకరంన్నరలో గోగు వేశాడు, నార కోసం. అప్పట్లో మన వైపు ఎటు చూసినా గోగే. భీమిలి రేవు నుంచి ఎగుమతి అయ్యేది కనుక ఆ నారకి దేశదేశాల్లో బిమ్లీ జూట్ అనే పేరు. ఆ స్టేషనుకి కొత్తగా ఒక ఎస్సై వచ్చాడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు. జీపులో పోతూ ఆ చేను చూశాడు. మనిషిని మించిన ఎత్తు, చేతివేళ్లలా చీలిన సన్నటి ఆకులు. జీపు ఆపించాడు. చేను చుట్టూ కానిస్టేబుళ్లని నిలబెట్టాడు. అప్పలస్వామిని తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టాడు. పాపం ఆ ఎస్సై రోజూ గోంగూర పచ్చడి తినేవాడే, కట్టగా తప్ప చెట్టుగా ఎప్పుడూ చూడలేదు. కానిస్టేబుళ్లకి మాత్రం తెలుసు, వాళ్లూ మన వాళ్లే. అయినా సారు అన్నాక మనమెందుకు అనడం అని ఊరుకున్నారు.

నన్ను పిలిపించారు. నేను సైకిలు మీద వెళ్లేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. "సార్, ఇది గోగు, ఆకు నమలండి, పుల్లగా ఉంటుంది" అన్నాను. "సాక్ష్యాన్ని నమలమంటావా?" అన్నాడాయన. పువ్వు చూపించాను. పసుపు రేకులు, నడుమ ముదురెరుపు, అచ్చం బెండపువ్వులాగే. కాండం మీద సన్నటి ముళ్లు చూపించాను. ఆయన మెత్తబడుతున్నాడు. అక్కడితో ఆగితే పోయేది. వయసు పాతిక దాటలేదు, చదువు చూపించుకోవాలని దురద. "దీని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్ సార్" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కన్నాబిస్! నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు!" ఆకు గంజాయి ఆకులా ఉంటుంది కాబట్టే ఆ పేరు పెట్టారని చెప్పేలోపు నన్నూ అప్పలస్వామినీ జీపెక్కించాడు. సాయంత్రం మా పై అధికారి ఏడీఏ గారు స్వయంగా వచ్చి చెబితే గాని వదల్లేదు. అప్పలస్వామి బతికున్నన్నాళ్లూ కనబడినప్పుడల్లా "బాబూ, ఆ పేరు ఇంకెక్కడా అనకండి" అనేవాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఊరికే. గోగు గుర్తొచ్చింది.

సరే, పొట్లం సంగతి. మామయ్యని మళ్లీ అడిగాను. గసగసాల కంటే పెద్దవి, తెల్లగా, ఆకుపచ్చ చుక్కలతో మెత్తగా ఉన్నాయన్నాడు. అంటే పొట్టు తీసినవి. ఆ 1985 చట్టం కూడా తీసి చదివాను. గంజాయి అంటే పూత, కాత ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న గింజలూ ఆకులూ ఆ మాట కిందికి రావు. 2021 నవంబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఈ గింజల్నీ, నూనెనీ, పిండినీ ఆహారంగా ఒప్పుకున్నారు. మొలకెత్తని గింజలే అమ్మాలి. మత్తునిచ్చే టీహెచ్‌సీ కిలో గింజల్లో 5 మిల్లీగ్రాములు దాటకూడదు, నూనెలో అయితే 10. పొట్లం మీద గింజ బొమ్మ తప్ప ఆ మొక్క ఆకు బొమ్మ ఉండకూడదు. నీ పొట్లం మీద ఆకు బొమ్మ ఉందా? ఉంటే పారెయ్యి. లైసెన్సు నంబరు ఫొటో తీసి బుజ్జికి పంపు. నాకు అనుమానమని కాదు. నారాయణమ్మ గారి రెండోవాడు కూడా మంచివాడే. ఆ ఊసు ఇప్పుడెందుకు గాని, ఆవిడ ఇప్పటికీ గుడికి రావడం లేదు.

బలం మాట కూడా చూశాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, గింజ మంచిదే. మూడు పెద్ద చెంచాలు అంటే 30 గ్రాములు. అందులో మాంసకృత్తులు తొమ్మిదిన్నర గ్రాముల దాకా ఉన్నాయి. నూటికి లెక్కేస్తే 31, మన వేరుశనగ కంటే ఎక్కువ. మెగ్నీషియం 200 మిల్లీగ్రాములు దాటుతుంది, అంటే నీ ఒంటికి రోజుకి కావలసినదాంట్లో దాదాపు సగం. జింకు, భాస్వరం కూడా బాగా ఉన్నాయి. నూనెలో ఒంటికి కావలసిన ఒమేగా-6, ఒమేగా-3 అనే కొవ్వులు మూడింటికి ఒకటి చొప్పున ఉండటం మెచ్చుకోవలసిన సంగతి. నువ్వుల్లోనూ వేరుశనగలోనూ ఒమేగా-3 లేనట్టే. ఇంతవరకూ నీ పక్షమే.

ఇక నా పక్షం. గింజ బరువులో సగం నూనె. ఆ మూడు చెంచాలే 166 కేలరీలు. రోజంతా కుర్చీలో కూర్చునేవాడివి, గుప్పెళ్లతో తినకు. పొట్టు తీశాక పీచు పోయింది, మూడు చెంచాలకి గ్రాము పైచిలుకే మిగిలింది. మరి పీచు ఎక్కడి నుంచి వస్తుంది? కూర వండుకుంటే వస్తుంది. నువ్వు వండుకోవు. కాల్షియం వంద గ్రాములకి 70 మిల్లీగ్రాములే. చోళ్లలో, అదే రాగుల్లో, 340 పైనే ఉంటుంది, పొట్టు తీయని నువ్వుల్లో 900 దాటుతుంది. ఒమేగా-3 కావాలంటే అవిసె గింజల్లో దీనికి రెండింతల పైనే ఉంది, అదీ మన సంతలో దొరికే ధరకి. పొడి కొట్టుకుని తినాలి, అలాగే మింగితే అలాగే పోతాయి. పైగా గింజల్లో ఉండే ఒమేగా-3 వేరు, చేపలో ఉండేది వేరు. గింజల రకం ఒంట్లో కొద్దిగానే చేపల రకంగా మారుతుంది. అందుకని వారానికి ఒక్కసారైనా కానాగంతలు తెచ్చుకో. బెంగళూరులో చేప బాగుండదంటావు. వెతికితే బాగుంటుంది.

అసలు మాట ఒకటుంది. రాత్రిపూట అన్నం మానేసి పెరుగులో ఈ గింజలు జల్లుకుని పడుకుంటున్నావని కూడా మామయ్య అన్నాడు. గింజల కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ గింజ మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. వరి బియ్యంలోనూ అదే తక్కువ. అది దండిగా ఉండేది పప్పులో. మీ బామ్మ ఏ కాలేజీకీ వెళ్లలేదు, అయినా పప్పు లేకుండా ముద్ద పెట్టలేదు. కాబట్టి ఎన్ని చెంచాలు జల్లుకున్నా పప్పు మానకూడదు. కుక్కరు ఉంది కదా? గృహప్రవేశానికి వచ్చినప్పుడు అమ్మ ఇచ్చిన కుక్కరు. దాని గాస్కెట్ పోయిందని పోయిన వేసవిలో అన్నావు. గాస్కెట్ కొన్నావా? వందో రెండొందలో ఉంటుంది. అది కొనకుండా కిలో నువ్వుల డబ్బుకి గుప్పెడొచ్చే గింజలు కొంటావు. ఉపన్యాసం ఇవ్వకూడదని అనుకునే కూర్చున్నాను, సరే ఇచ్చేశాను.

తింటే సరిగ్గా తిను. మూత విప్పాక ఫ్రిజ్ మీద కాదు, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ నూనె వేడికీ గాలికీ తొందరగా పాడవుతుంది. పాత నూనె వాసన వస్తే మొహమాటపడకుండా పారెయ్యి. నూనెలో వేపకు. దించిన కూర మీద జల్లుకుని నిమ్మకాయ పిండుకో, ఇనుము ఒంటికి పడుతుంది.

నువ్వేదో కొత్త సంగతి కనిపెట్టానని అనుకోకు. 1998లో నన్ను శిక్షణకి పంత్‌నగర్ పంపారు, నీకప్పుడు రెండేళ్లు. ఆ ఊరు అప్పటికింకా ఉత్తరప్రదేశ్‌లోనే ఉండేది. ఆదివారం నలుగురం కలిసి కొండ మీదికి వెళ్లాం. చలి. ఒక చిన్న హోటల్లో మడువా రొట్టెలు పెట్టారు, అంటే మన చోళ్ల రొట్టెలే, ప్రాణం లేచొచ్చింది. పక్కన బూడిదరంగు చట్నీ. జీలకర్ర, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం తెలుస్తున్నాయి, ఇంకేదో కమ్మదనం ఉంది, నువ్వుల పచ్చడిలా ఉంది గాని నువ్వులు కావు. రెండుసార్లు వేయించుకున్నాను. లేచాక చెప్పారు, భాంగ్ గింజలు వేపి నూరిన చట్నీ అని. ఆ కుమావూ కొండల్లో అది ఇంటింటి వంట. ఆ రాత్రి హాస్టల్లో ఇప్పుడెక్కుతుంది, ఇప్పుడెక్కుతుంది అని దీపం తీయకుండా కూర్చున్నాను. ఏమీ ఎక్కలేదు, తెల్లారి ఆకలేసింది. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. పంక్తిలో మామయ్య ఆ మాట అన్నప్పుడు కూడా చెప్పలేదు. చెప్పాల్సింది.

సంక్రాంతికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ దొరక్కపోతే బస్సుకైనా రా, భోగి ముందు రోజుకి ఇల్లు చేరాలి. ఆ పొట్లం మాత్రం సంచిలో పెట్టకు. చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. విశాఖ స్టేషన్లో సంచులు వెతికే కానిస్టేబులు చట్టం చదివి ఉంటాడని నమ్మకమేమిటి? నన్ను ఒకసారి జీపెక్కించారు, చాలు. అమ్మ నువ్వుండలు, అవిసె పొడి, మునగాకు కారం సిద్ధం చేస్తోంది. వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలు తీసుకురా, పోయిన ఏడాదివి ఆరు నీ దగ్గరే ఉన్నాయి.

ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. మీటింగ్ అయ్యాక కాదు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క.: ఉత్తరం మడిచేలోపు అమ్మ తీసుకుని చదివేసింది. పంత్‌నగర్ సంగతి మీద ఇంట్లో మాటలు జరుగుతున్నాయి, అది నేను చూసుకుంటాను. ఆ చట్నీ తను నూరి చూస్తానంటోంది. కాబట్టి ఒక పొట్లం తీసుకురా. సీలు విప్పకూడదు. కొన్న బిల్లు కూడా ఉండాలి, సంచిలో కాదు, చొక్కా జేబులో.