మా తాతయ్యకు గడ్డం గీసిన బాబాయిగారికి

తాతయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చి నేటికి 4 రోజులు. ఒకే వైపు పడుకుంటే ఒళ్ళు ఒరుసుకుపోతుంది కాబట్టి 2 గంటలకోసారి లేచి ఆయనను పక్కకు తిప్పుతున్నాను. ఇప్పుడే ఎడమ వైపుకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ తిప్పే వేళ అయ్యేలోగా రాసినంత రాస్తాను. నిద్రలేమి వల్ల వాక్యాలు ఎక్కడైనా దారి తప్పితే మన్నించండి. కానీ ఈ ధన్యవాదాలు ఇప్పుడు రాయకపోతే నాలుగు రోజులు పోయాక మర్యాదగా, క్లుప్తంగా రాస్తానేమోనని భయంగా ఉంది. అలా రాయడం నాకు ఇష్టం లేదు.

మా తాతయ్యకు 84 ఏళ్ళు. నాయనమ్మ పోయిన తరువాత, అంటే 3 ఏళ్ళుగా, ఇంట్లో ఆయనా నేనూ ఇద్దరమే ఉంటున్నాం. ముసలివారిని చూసుకోవడమంటే ఏదో మహత్కార్యమని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అందులో ఎక్కువ భాగం చిన్న చిన్న పనులే: వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దడం, వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చడం, అడిగిన ప్రశ్ననే నాలుగోసారి అడిగినప్పుడు మొదటిసారి విన్నట్టుగా జవాబు చెప్పడం. ఆయన పనుల్లో ఆయన చేతికే వదిలేసినది ఒక్కటే, గడ్డం గీసుకోవడం. రోజూ ఉదయం 6 గంటలకు కిటికీ దగ్గర కూర్చుని, అద్దం నిలబెట్టుకుని, చేతులు వణుకుతున్నా తానే గీసుకునేవారు. చివరన చిన్న కత్తెరతో మీసం దిద్దుకునేవారు. నీళ్ళ మగ్గు అంచుకు రేజరు తట్టిన టకటక చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు వినపడితే ఆ రోజుకు తాతయ్య బాగున్నట్టే లెక్క.

ఆయన పడిపోవడానికి ముందు రెండు రోజులు ఆ చప్పుడు లేదు. మగతగా ఉన్నారు, మాట తడబడింది, వేళ కాని వేళ పడుకున్నారు. జ్వరం లేదు కదా, వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని ఆసుపత్రిలో పరీక్ష చేశాక తెలిసింది. వయసు మళ్ళినవారిలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండా, ఇలా మగతగా, తికమకగా బయటపడుతుందని డాక్టరు చెప్పినప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. రెండో రాత్రి స్నానాలగదికి వెళుతూ గడప దగ్గర పడ్డారు. తుంటి ఎముక విరిగింది.

తుంటి విరిగిన వృద్ధులకు ఆపరేషన్ ఎంత త్వరగా, వీలైతే ఒకటి రెండు రోజుల్లోపే, జరిగితే అంత మంచిదని అక్కడి డాక్టర్లే చెప్పారు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ నేను పెట్టిన సంతకం చెల్లదని అక్కడి కార్యాలయం వారే అన్నారు. "కొడుకును పిలిపించండి, మనవరాలి సంతకం కుదరదు" అన్నారు. ఆయన ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో, ఏ మందు పడదో, ఏ చెవితో బాగా వింటారో వరుసగా చెప్పగలిగిన మనిషిని నేనే. ఆ వివరాలన్నీ నన్ను అడిగే రాసుకున్నారు. రాసుకున్న కాగితం కింద సంతకానికి మాత్రం నేను పనికిరాలేదు. నాన్న దూరాన ఉన్న ఊరి నుంచి బయలుదేరి వచ్చేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. ఆ రాత్రంతా తాతయ్య నొప్పితో మూలుగుతూనే ఉన్నారు. ఇది ధన్యవాదాలు చెప్పుకునే చోటు కాబట్టి ఇంతకంటే రాయను గానీ, ఆ రాత్రిని మరిచిపోయానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ మర్నాటి నుంచి తాతయ్య తాతయ్యలా లేరు. నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీద ఎవరో నడుస్తున్నారని చూపించారు, చేతికి పెట్టిన సెలైన్ గొట్టం పీకేశారు, సాయంత్రం అయ్యేసరికి ఇంటికి పోతానని మంచం దిగబోయారు. చూడడానికి వచ్చిన బంధువులు "ఇక మతి పోయినట్టే, మనసు గట్టి చేసుకో" అని ధైర్యం చెప్పబోయి ఉన్న ధైర్యం కాస్తా తీసుకుపోయారు. ఇది డెలీరియమని, మతిమరుపు జబ్బులా మెల్లగా ముదిరేది కాదని, ఆపరేషన్, ఇన్ఫెక్షన్, నొప్పి, నిద్రలేమి కలిసి హఠాత్తుగా తెచ్చిపెట్టే తికమక అని, చాలామందిలో క్రమంగా తగ్గుతుందని డ్యూటీ డాక్టరు నిలబడి రెండు నిమిషాలు చెప్పారు. ఆ రెండు నిమిషాలకు ఆమెకు నా కృతజ్ఞతలు.

అది మగవారి వార్డు. రాత్రి 9 దాటితే ఆడవారు లోపల ఉండకూడదన్నది అక్కడి నియమం. అమ్మకు బాగుండకపోవడం వల్ల నాన్న ఆపరేషన్ మర్నాడే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. గొట్టాలు పీకేసుకుంటున్న మనిషిని వదిలి నేను వరండాలోకి వెళ్ళి ఎలా కూర్చోవాలి? మగతోడు లేకపోతే మీరే ఎవరినైనా ఏర్పాటు చేసుకోండి అన్నారు. ఎవరిని ఏర్పాటు చేసుకోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు, పక్క మంచం దగ్గరున్న ఒకాయన "నువ్వు వెళ్ళి కాసేపు నడుం వాల్చమ్మా, నా ఇద్దరినీ నేను చూసుకుంటాను" అన్నారు.

నా ఇద్దరినీ అన్నారు. ఆ మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతున్నాను.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. పక్షవాతం వచ్చిన తమ్ముణ్ణి 4 ఏళ్ళుగా చూసుకుంటున్నారు. ఆ సారి తమ్ముడికి న్యుమోనియా వచ్చి అక్కడికి చేరారు. నేను ఆయనను బాబాయిగారూ అని పిలిచాను, ఆయన నన్ను అమ్మాయీ అన్నారు. పేర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు. మొదటి రాత్రి తెల్లవారాక నేను లోపలికి వెళ్ళేసరికి తాతయ్య ఒక పక్కకు తిరిగి, వీపుకు దిండు ఆనించి నిద్రపోతున్నారు. బాబాయిగారు నన్ను దగ్గరకు పిలిచి, తాతయ్య నడుము కింద ఎర్రగా కందిన చోటు చూపించి, వేలితో నొక్కి వదిలారు. "మామూలు కందుడైతే నొక్కగానే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. ఇది తెల్లబడటం లేదు. పుండు పడే ముందు ఇలాగే ఉంటుంది. మడమలు కూడా చూస్తూ ఉండు" అన్నారు. అప్పటికి ఆ మంచం చుట్టూ ఎందరో వచ్చి వెళ్ళారు. వీపు తిప్పి చూసింది ఆయన ఒక్కరే. నర్సుకు చెప్పించి, గాలి పరుపు వేయించిందీ ఆయనే.

ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్న విని సిగ్గుపడ్డాను. "పెద్దాయన కళ్ళజోడు పెట్టుకునేవారా? చెవి మిషను ఉందా?" రెండూ నా సంచిలో ఉన్నాయి. విలువైన వస్తువులు రోగి దగ్గర ఉంచవద్దని చేర్చుకునేటప్పుడు చెబితే భద్రంగా దాచిపెట్టాను. కనిపించక, వినిపించక, తెలియని గదిలో, తెలియని ముఖాల మధ్య పడుకున్న మనిషి గోడ మీద మనుషులను చూడడంలో వింతేముంది? రెండూ తీసి పెట్టాం. మంచం కిటికీ వైపుకు జరిపించాం. ఎదురుగా గోడ గడియారం కనిపించేలా తలగడ ఎత్తు చేశాం.

ఆపరేషన్ తరువాత నాలుగో రోజు ఉదయం తాతయ్య చెంపలు పదేపదే తడుముకోవడం బాబాయిగారు గమనించారు. దురద అనుకున్నాను నేను. "రోజూ గీసుకునే అలవాటా?" అని అడిగారు. అవునన్నాను. తమ్ముడికి నోరు శుభ్రం చేసి వచ్చి, నేరుగా నర్సు దగ్గరకు వెళ్ళి, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తున్నారు కదా, గడ్డం గీయవచ్చా అని అడిగి, గాటు పడకుండా చూసుకోమని ఆమె చెప్పాకనే కొత్త బ్లేడు తీశారు. నురగ పూసి, ఎడమచేతి వేళ్ళతో ముడతలు సాగదీసి పట్టుకుని, వెంట్రుకలు వాలిన దిక్కునే, తొందర లేకుండా గీశారు. ముప్పావు గంట పట్టింది. అన్ని రోజులుగా ఎవరు ముట్టుకున్నా చేతులు విదిలించిన మనిషి గడ్డం పైకెత్తి, చెంప తిప్పి, పై పెదవి బిగబట్టి, గీసేవారికి అనువుగా సహకరిస్తున్నారు. ఒంటికి గుర్తున్నట్టుంది. రేజరు ముక్కు కిందికి వచ్చేసరికి తాతయ్య కళ్ళు తెరిచి స్పష్టంగా అన్నారు:

"మీసం జోలికి రాకు."

ఆపరేషన్ తరువాత ఆయన నోట విన్న మొదటి తెలివైన మాట అదే. బాబాయిగారు "అమ్మో, ముట్టుకుంటానా అయ్యగారూ" అని, ఒక చిన్న అద్దం తీసి ఆయన చేతికిచ్చారు. తాతయ్య అద్దంలో అటూ ఇటూ చూసుకుని, ఎడమ వైపు మీసం కాస్త వంకరగా ఉందని నాకు ఫిర్యాదు చేశారు. నన్ను పేరు పెట్టి పిలిచి మరీ చేశారు. ఆయన పడిన రాత్రి గానీ, ఆపరేషన్ గది తలుపు మూసినప్పుడు గానీ నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ, ఎంతకీ ఆపుకోలేనంతగా ఏడ్చాను. బాబాయిగారు నా వైపు చూడకుండా మగ్గు కడగడానికి వెళ్ళారు. అది కూడా ఒక ఉపకారమే.

ఆ మర్నాడు ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి నడిపించి వెళ్ళాక, ఇంట్లో ఒక్కదాన్నే ఎలా లేపాలో బాబాయిగారు నా చేత పదిసార్లు చేయించారు. చేతులు పట్టి లాగకూడదట, భుజం జారుతుందట. ముందు పక్కకు తిప్పి, కాళ్ళు మంచం అంచు నుంచి దించి, కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని తేలేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. పాదాలు కాస్త వెనక్కి జరిపించి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేలా ముందుకు వంగమంటే మనిషి సగం బరువు తానే లేస్తాడు. ఇంట్లో ఈ 4 రోజులూ నేను తాతయ్యను లేపుతున్నది ఆ పద్ధతిలోనే. ఫిజియో ఆవిడ కూడా ఇదే చెప్పారు, పాపం, కానీ ఆమెకు ఆ వార్డులో చూడవలసినవారు చాలామంది ఉన్నారు.

తొమ్మిదో రోజు ఉదయం నేను లోపలికి వెళ్ళేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేశారు. అడగడానికి నోరు రాలేదు. మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగితే, తమ్ముడికి నయమై తెల్లవారుజామునే వెళ్ళిపోయారని చెప్పారు. వాహనం ఆ వేళకే దొరికిందట. మా బల్ల మీద ఆ చిన్న అద్దం ఉంది. బాబాయిగారూ, ఈ మాటలు మీదాకా వస్తాయో రావో నాకు తెలియదు. అద్దం మా కిటికీ దగ్గరే ఉంది. తాతయ్య గడ్డం ఇప్పుడు నేను గీస్తున్నాను. మీ అంత నున్నగా రావడం లేదని ఆయనే అంటున్నారు.

పదకొండో రోజు ఉదయం 10 గంటలకు పంపించేస్తామన్నారు, కాగితాలు చేతికి వచ్చేసరికి సాయంత్రం 6 అయింది. ఆ 8 గంటలూ తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టాలా, మంచం మీదే ఉంచాలా అన్నది చెప్పే నాథుడు లేడు. మందుల చీటీలో ఉన్న పొట్టి అక్షరాలు ఎవరి కోసం రాస్తారో రాసేవారికే తెలియాలి. అందులో రక్తపోటు మాత్ర ఒకటి కొత్త పేరుతో ఉంది. తాతయ్య ఇంట్లో వేసుకుంటున్నది కూడా అదే మందు, కంపెనీ పేరు వేరు. రెండూ వేసి ఉంటే ఏమయ్యేదో. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివి పట్టుకున్నది మందుల షాపు కుర్రాడు. బాబూ, నీకు కూడా వేయి దండాలు.

నాన్న, అమ్మ, పిన్ని, అన్నయ్య చేయవలసినదంతా చేశారు. అన్నయ్య డబ్బు సర్దాడు, పిన్ని ఈ 4 రోజులుగా వంటింటి సంగతి చూస్తోంది. ఇంటివారికి ధన్యవాదాలు చెబితే తిడతారు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరినీ మరిచాను. స్నేహితురాలు పంపిన సందేశం చూసి, మాకు ఏమీ కాని ఇద్దరు అర్ధరాత్రి వచ్చి ఇచ్చి వెళ్ళారు. వారిలో ఒకరు మర్నాడు పరీక్ష రాయవలసిన విద్యార్థి. రాత్రి డ్యూటీ నర్సుగారు నియమం పక్కన పెట్టి రెండుసార్లు నన్ను తలుపు సందులోంచి తాతయ్యను చూడనిచ్చారు. ఇది రాసినందుకు ఆమెకు మాట రాకూడదు, అందుకే ఏ రాత్రో చెప్పను. పక్కింటివారు తాళంచెవి తీసుకుని ఇల్లు కనిపెట్టుకుని ఉన్నారు. నా ఆఫీసులో ఒకరు 11 రోజులు నా పని కూడా చేశారు, అడిగితే ఏమీ లేదన్నారు. అంబులెన్సు నడిపిన అతను ప్రతి గుంత దగ్గరా "పెద్దాయనా, ఇప్పుడు కుదుపు వస్తుంది" అని ముందే చెప్పాడు.

ఇంకొకరు. తాతయ్యకు అవతలి వైపు మంచం మీద, కాలికి బరువు కట్టించుకుని కదలలేని స్థితిలో ఒక ముసలాయన ఉండేవారు. బాబాయిగారు వెళ్ళిపోయాక వచ్చిన రెండు రాత్రులూ తాతయ్య మంచం దిగబోయినప్పుడల్లా ఆయనే గంట నొక్కి నర్సును పిలిచారట. మేము బయలుదేరేటప్పుడు ఆయన నిద్రపోతున్నారు. లేపడం ఎందుకులే అనుకుని వచ్చేశాను.