పెన్న ఇసుకలో గుడ్లు పెట్టే పిట్ట

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో చలికాలపు అతిథులంటూ వేసిన పిట్టల ఫొటోల్లో మూడోదాని కింద ‘కెంటిష్ ప్లవర్’ అని రాశారు. అది లిటిల్ రింగ్డ్ ప్లవర్.

నేను ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లలో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఊరేమో పెన్న ఒడ్డు. అందుకని రెండు పిట్టలూ ఎరుకే. పిడికెడంత ఒళ్లు, ఇసుక రంగు, నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగడం, అంతా ఒకటే. మా వైపు అన్నిటినీ ఉల్లంకులనే అంటారు. కొఠార్ల గట్ల మీద ఎక్కువగా తిరిగేది కెంటిష్. దాని పట్టె మెడ చుట్టూ తిరగదు, రొమ్ముకు అటో మరకా ఇటో మరకా వేసి మధ్యలో వదిలేసినట్టుంటుంది. కాళ్లు నల్లన. మీ ఫొటోలో పట్టె తెగకుండా ఉంది, కాళ్లు పాలిపోయి ఉన్నాయి. అన్నిటికన్నా కన్ను చూడండి. పసుపుకొమ్ముతో గీసినట్టు చుట్టూ వలయం. కెంటిష్‌కు అది ఉండదు. ఎగిరితే ఇంకా తేలిక, కెంటిష్ రెక్కల మీద తెల్లచార మెరుస్తుంది, దీనికి లేదు. (పరుగులో ఉంటే నా కళ్లద్దాలతో నాకూ పొరపాటు పడుతుంది లెండి.)

పేరు తప్పయితే ఊరుకునేవాణ్ణి. అతిథి అన్నారే, అక్కడే వచ్చింది బాధ. ఈ లిటిల్ రింగ్డ్ ప్లవర్లలో చలికాలానికి వచ్చేవీ ఉన్నాయి, ఏడాదంతా ఇక్కడే ఉండేవీ ఉన్నాయి. ఇక్కడివాటి శాస్త్రీయ నామంలో 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన పక్షుల పరిశోధకుడు జెర్డాన్ పేరుంది. వేసవిలో అవి నది ఇసుకలోనే గుడ్లు పెడతాయి. గూడంటే పుల్లలేం ఉండవు, చిన్న గుంట.

పోయిన ఏప్రిల్లో మా రేవు దిగువన ఒకటి చూశాను. గులకరాళ్ల మధ్య మూడు గుడ్లు, మచ్చలతో సహా రాళ్లలాగే ఉన్నాయి. రెండడుగుల దూరంలో నిలబడీ చాలాసేపు కనిపెట్టలేకపోయాను. తల్లో తండ్రో తెలీదు, రెండూ పొదుగుతాయి, ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నన్ను అవతలికి లాక్కుపోయింది. నాలుగో రోజు వెళ్తే ఆ చోట ట్రాక్టరు టైరు జాడ. ఇసుక ఎత్తుతున్న కుర్రాణ్ణి అడిగితే, “అవి చలికాలం వచ్చి పోయే పిట్టలు కదా సార్, పేపర్లో వేస్తారుగా” అన్నాడు.

సవరణ వేసేటప్పుడు పేరొక్కటే మార్చకుండా, మార్చి నుంచి ఇది ఇసుకలో గుడ్లు పెడుతుందని కూడా ఒక్క ముక్క వేయగలరు.

– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా