చింతకాయ్‌కి, గ్వాన్‌సిక్ గొడవ గురించి

ఒసేయ్ చింతకాయ్,

ముందు నన్ను నాలుగు తిట్టు, తర్వాత చదువు. నువ్వు ఉగాదికి రాసిన ఉత్తరానికి కార్తీకమాసంలో జవాబు రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను, ఒకటి చిన్నోడి స్కూల్ బ్యాగులో దొరికింది, దాని మీద ఏనుగు బొమ్మ వేసేశాడు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, చుక్కలు వేస్తున్నాం, అందుకే అమ్మా నాన్నా నెల రోజులుగా మా ఇంట్లోనే ఉన్నారు. ఓనరు అద్దె పెంచాడు. అంతే, ఇంక వేరే కబుర్లు లేవు.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరంలో ఒక మాట రాశావు, ఎనిమిది నెలలుగా అది నా గొంతులో చేపముల్లులా ఉంది. "ఆ సీరియల్ మొత్తం గ్వాన్‌సిక్‌దేనే, ఏసున్ చేసిందేముంది, ఏడవడం తప్ప" అన్నావు. ఆ కొరియన్ సీరియల్ వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్‌లో ఏసున్, ఆమె మొగుడు గ్వాన్‌సిక్ గురించి! ఆ మార్చిలో వారానికి నాలుగేసి చొప్పున పదహారు ఎపిసోడ్లూ మనం ఒకేసారి చూశాం, నువ్వక్కడ, నేనిక్కడ. చూసి నువ్వు ఈ మాట అంటావా? హాస్టల్లో బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్ సీరియల్ చూస్తూ హీరో మణికట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళిన ప్రతిసారీ గోడ మీద పెన్సిలుతో గీత గీసింది నువ్వే కదా. ఆ గీతల మనిషివి ఇలా అనకూడదు.

గ్వాన్‌సిక్ ఓడ మీంచి సముద్రంలోకి దూకి ఈదుకుంటూ వెనక్కి వచ్చే సీను నీకెందుకంత ఇష్టమో నాకు తెలుసు. నాకూ ఇష్టమే. నేను చెప్పేది వేరు.

మొన్న సాయంత్రాలు అమ్మకి తోచడం లేదు. నాన్న టీవీ చూడకూడదు కాబట్టి ఆయన పక్క గదిలో తొందరగా పడుకుంటున్నారు. సరే, అమ్మా, నీకొక కథ చూపిస్తా అని ఇది పెట్టాను. కింద వచ్చే మాటలు నేను తెలుగులో చదువుతాను, ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తుంది. మొదట్లో "ఈ పిల్లలందరూ ఒకేలా ఉన్నారే" అంది. కొరియాలో జేజు ద్వీపం, 1950లు, సముద్రంలో మునిగి గుల్లలు ఏరుకొచ్చే హెన్యో ఆడవాళ్ళు, అన్నీ చెప్పుకొచ్చాను. వాళ్ళు పైకి తేలగానే ఊపిరి వదిలేటప్పుడు ఈల వేసినట్టు ఒక శబ్దం వస్తుంది చూడు, ఆ శబ్దానికి అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎంతసేపు బిగబట్టిందో పాపం" అంది.

తర్వాత చిన్నప్పటి ఏసున్ కవిత, అలా మునిగే వాళ్ళమ్మ మీద. అమ్మ ఎప్పుడూ రాళ్ళకి అతుక్కున్న ఆ గుల్లల కోసమే మునుగుతోందనీ, అవి అమ్మితే వచ్చే వంద నేనే ఇచ్చి అమ్మది ఒక రోజు కొనుక్కుని ఆమెకి విశ్రాంతి ఇస్తాననీ పదేళ్ళ పిల్ల రాస్తుంది కదా. నేను చదవబోతే గొంతు రాలేదే. అమ్మ నా వంక చూడకుండా, "చదువు, ఏం రాసిందో మొత్తం చదువు" అంది. చదివాను. అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న ఇంతవరకు మనిద్దరిలో ఎవరికీ తట్టలేదు. "ఈ పిల్ల పెద్దయ్యాక రాస్తుందా, రాయదా? ముందే చెప్పెయ్. రాయకపోతే నేను చూడను."

రాస్తుందమ్మా, కానీ ముసలిదయ్యాక, అన్నాను. "అయితే సరే" అని చిక్కుడుకాయల పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

అమ్మకి ఇది పెళ్ళి కథ కాదే! మొదటి గంటలోనే ఆవిడకి తెలిసిపోయింది. ఆ రచయిత్రి లిమ్ సాంగ్‌చూన్ పట్టు అక్కడుంది. (అది కలం పేరు, ఆడో మగో తెలియకూడదనే పెట్టుకుందట.) 2019లో వెన్ ద కమీలియా బ్లూమ్స్ సీరియల్లో హీరోయిన్ డోంగ్‌బెక్‌ని రాసిందీ ఆవిడే, చివర్లో బీరు గ్లాసుతో హంతకుడి తల పగలగొట్టినప్పుడు నువ్వు అరిచిన అరుపుకి నా ఫోనే అదిరిపోయింది. ఏసున్ చేతికి మాత్రం అలాంటి గ్లాసు ఇవ్వలేదు. ఒక కోరిక ఇచ్చింది. కవిని కావాలి, చదువుకోవాలి. ఆ తర్వాత పదహారు ఎపిసోడ్ల పాటు దాన్ని తీరనివ్వదు, చావనివ్వదు. సంతలో క్యాబేజీలు ముందు పెట్టుకుని కూర్చుంటుంది చూడు, రండి కొనండి అని నోరు తెరిచి అరవలేదు. గ్వాన్‌సిక్ అరిచి అమ్మిపెడతాడు, ఆమె పుస్తకం చదువుకుంటుంది. నువ్వు అక్కడ అతని మంచితనం చూశావు. అమ్మ చూసింది పుస్తకాన్ని. "అన్నీ పోయినా దాన్ని వదల్లేదు" అంది.

ఇంక ఆ భోజనం సీను. దీని కోసమే ఈ ఉత్తరం. అత్తవారింట్లో మగవాళ్ళకి ఒక బల్ల, ఆడవాళ్ళకి వేరే చిన్న బల్ల. గ్వాన్‌సిక్ తింటూ తింటూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి భార్య వైపు కూర్చుని తినడం మొదలుపెడతాడు. మనిద్దరం దానికి ఎన్ని హార్టులు పంపుకున్నాం! నేను అమ్మ ముఖమే చూస్తున్నాను, మురిసిపోతుందని. ఆవిడ మురవలేదు. ఆపు అంది. ఆపాను.

"తిరిగాడు, మంచివాడే. ఇప్పుడు ఆ అత్తగారు ఎవర్ని పట్టుకుంటుంది? అతన్నా? అతను పొద్దున్నే పడవెక్కి పోతాడు. ఆ వంటింట్లో రోజంతా ఉండాల్సింది ఈ పిల్లే. తెలిసి కూడా కూర్చుంది చూడు, దాని ధైర్యం అది."

నాకు ఒళ్ళు జలదరించిందే. అమ్మ మా నానమ్మ ఇంట్లో పదకొండేళ్ళు అందరూ తిన్నాక తింది. గిన్నె అడుగున మిగిలిన మాడు మీద మజ్జిగ పోసుకుని, వంటింటి గడప దగ్గర. నాకది ఎప్పుడూ ఒక కథలాగే తెలుసు, నవ్వుతూ చెప్పేది కాబట్టి. ఆ రోజు ఆవిడ నవ్వలేదు.

పక్క గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. నిద్రపోయారనుకున్నాం. "ఆ అబ్బాయి ఎటు తిరిగాడన్నావు? మళ్ళీ చెప్పు."

అమ్మ జవాబు చెప్పలేదు. నేనే చెప్పాను. ఆయన ఊఁ అన్నారు, అంతే. తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ... సరే, అది వేరే ఉత్తరం.

చూడు, ఏసున్ ఏడుస్తుంది, నిజమే. నోటి దురుసు కూడా. సణుగుతుంది, అలుగుతుంది, చిన్నబిడ్డ పోయినప్పుడు లేవలేకపోతుంది. కానీ ఆ రచయిత్రి ఆమెని దేవతనీ చెయ్యలేదు, ఆ ఏడుపుకి ఒక్కసారి కూడా శిక్షా వెయ్యలేదు. మనవరాలిని కూడా సముద్రంలో దింపాలని అత్తగారి వైపువాళ్ళు చూస్తే, నా కూతురు బల్ల వడ్డించేది కాకూడదు, బల్ల ఎత్తి పడేసేది కావాలని నిలబడింది ఈ ఏడ్చే మనిషే కదా. కూతురి చదువుకి ఇల్లు అమ్మింది. ఊళ్ళో చేపలవాళ్ళ సంఘానికి నాయకురాలిగా పోటీచేసి గెలిచింది, చిన్నప్పుడు ఎక్కువ ఓట్లు వచ్చినా క్లాసు లీడరు కానివ్వని పిల్ల! ఆ ముడి అక్కడ వేసి ఇక్కడ విప్పింది, మనకు తెలియనే తెలియదు. పాత్ర రాయడం అంటే నాకు ఇదేనే.

ఆ కూతురు గుమ్‌మ్యాంగ్ ఫోనులో అమ్మ మీద విసుక్కుంటుంది చూడు, అలా విసుక్కున్న ప్రతిసారీ నేను సబ్‌టైటిల్ కొంచెం మెల్లగా చదివాను. అమ్మ ఏమీ అనలేదు. నేనూ రోజూ అలాగే విసుక్కుంటాను కదే. వయసులో ఉన్న ఏసున్‌నీ, ఆ కూతుర్నీ, ఇద్దరినీ నటి ఐయూ చేతే వేయించడం ఎంత మంచి ఆలోచన, ఒకే ముఖం, ఒకరికి దొరకనిది ఇంకొకరికి దొరికి, దొరికినదాని విలువ తెలియక... నీకర్థమవుతుందిలే.

గ్వాన్‌సిక్ మంచివాడు. కాదనను. అతను తన జీవితమంతా ఎవరి కోరికకి కాపలా కాశాడో, ఆ మనిషిని చూడకుండా అతన్ని మాత్రం చూస్తే ఎలాగే? ఈసారి ఇంకోసారి చూడు, భోజనం సీనులో అతని వీపు కాదు, ఆమె చేతులు చూడు. చూసి ఫోను చెయ్యి, హార్టులు పంపకు.

ఇంకా చివరి ఎపిసోడ్ మిగిలింది. అమ్మకి తెలియదు, పుస్తకం అచ్చువేసే ఆఫీసులో ఏసున్ కవితలు చదివి కళ్ళు తుడుచుకునే ఆవిడ ముఖం ఎవరిదో. మొదటి ఎపిసోడ్లో సముద్రంలోంచి పైకొచ్చి ఈల వేసిన ఏసున్ వాళ్ళమ్మ ముఖమే అని నేను చెప్పను, తానే పోల్చుకోవాలి. ఆ నటి యోమ్ హేరాన్‌ని గుర్తుపడుతుందో లేదో అని పొద్దుటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మీ ఆయన కొత్త ఉద్యోగం గురించి అడుగుదామనుకున్నాను, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది, ఆ రెండో విషయం ఏమైంది, చెరుకురసం బండి దగ్గర అనుకున్నది? అదిగో, అమ్మ పిలుస్తోంది, చుక్కలు వేసేసిందట, రిమోట్ కూడా తనే పట్టుకుంది, ఉంటానే

నీ పచ్చిమిర్చి