గృహప్రవేశానికి కిచెన్ ఎందుకు బిగించలేదు: మా ఖాతాదారులకు మనవి

మా దగ్గర వంటగది పని ఒప్పుకున్నవారిలో కొందరు ఈ మధ్య ఫోన్ చేసి, “ఎవరిదో గృహప్రవేశానికి కిచెన్ అందించలేకపోయారట, నిజమేనా?” అని అడుగుతున్నారు. నిజమే. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఫ్లాటులో ముహూర్తం నాటికి మేము వంటగట్టు కింది బాక్సులు, అంటే చెక్క అరలు, బిగించలేదు. ఆ మాట మీరు ఇతరుల నోట వినడం కంటే, జరిగింది జరిగినట్టుగా నేనే రాయడం మర్యాద అనుకుంటున్నాను. ఈ నెల నుంచి మా గడువులు కూడా మారుతున్నాయి కాబట్టి, అందుకు కారణం మీకు తెలియాలి.

ఆ ఇంటివారు వంటగదితో పాటు టిఫిన్ తినడానికి ఒక గట్టు అడిగారు. భార్యాభర్తలకు ఎత్తు స్టూళ్ళతో నలభై రెండు అంగుళాల కౌంటర్ కావాలని ఉంది. కానీ ఇంట్లో పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడ స్టూలు ఎక్కలేరు, మనవలందరూ పొయ్యి పక్కన వేడి దోసెలు తింటుంటే తాను ఒక్కరే హాల్లో కూర్చోలేరు. అందుకని వంటగట్టును ముప్పై నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉంచి, దాని చివర నుంచి టిఫిన్ గట్టును ముప్పై అంగుళాలకు దించాము. అది మామూలు భోజనాల బల్ల ఎత్తు కనుక ఏ కుర్చీ వేసుకున్నా సరిపోతుంది. మనిషికి రెండడుగుల చొప్పున ముగ్గురికి ఆరడుగుల పొడవు, మోకాళ్ళు తగలకుండా లోపలికి పదిహేను అంగుళాల ఖాళీ, పైన చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైటు, ఆ బరువుకు కింద స్టీలు చట్రం. తెల్ల క్వార్ట్జ్ వేయమని మొదట అడిగారు. దానిలో రెసిన్ ఉంటుంది కాబట్టి పొయ్యి మీది నుంచి దించిన పెనం నేరుగా పెట్టకూడదని, పసుపు మరక కూడా అంత తేలికగా వదలదని చెప్పి మాన్పించాను. మిగతా విషయాలన్నీ మీ ఇళ్ళలో చేసినట్టే చేశాము.

టిఫిన్ గట్టుకు ఒక చివర నిలిచే పలక నేల దాకా వస్తుంది. రోజూ తడిగుడ్డ తగిలేది దాని అడుగు అంచుకే. ఆ పలకకు, సింక్ కింది బాక్సుకు ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం ఉన్న బి.డబ్ల్యు.పి. (మరిగే నీళ్ళకూ చెడని) ప్లైవుడ్ తప్ప మేము వేరేది వాడము. ఆ రకంలో పొరలను అతికించేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. నమూనా ముక్కను 72 గంటలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. చౌకగా దొరికే ఎం.ఆర్. (తేమను తట్టుకునే) రకంలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. గాలిలోని తేమకు అది ఓర్చుకుంటుంది గానీ, మరిగే నీళ్ళకు నిలవదు. బీరువాకు అది చాలు, సింక్ కిందికి చాలదు.

బాక్సులన్నీ కోసి, పైన లామినేట్ (పలుచని రంగు రేకు) అతికించి, అంచులను మూసే పట్టీ (బ్యాండింగ్) వేసే సమయంలో మా పెద్దమేస్త్రి ఒక ముక్కను తెచ్చి చూపించాడు. కోసిన అంచులో జిగురు గీత ముదురు గోధుమ రంగులోనే ఉంది, కానీ తడి వేలితో రుద్దితే ఆ రంగు వేలికి అంటింది. ఫినాల్ జిగురు రంగు అలా దిగదు. మిగిలిన ముక్కలను గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాము. 72 గంటల దాకా ఆగవలసిన పని లేకపోయింది. ఆ సాయంత్రానికే పొరలు వేరై, వేళ్ళతో లాగితే ఊడివచ్చాయి. షీటు మీద 710 ముద్ర ఉంది, బిల్లులోనూ అదే రాసి ఉంది.

ఆ సరుకు ఇచ్చిన వ్యాపారితో మాది చాలా ఏళ్ళ లావాదేవీ. కరోనా సమయంలో అతని కొట్టు నడవడానికి మేము ముందుగా డబ్బు కట్టి సరుకు తీసుకున్నాము. ఫోన్ చేస్తే అతను చెప్పిన జవాబు ఇది: “లామినేట్ వేశాక లోపల ఏముందో ఎవరు చూస్తారండీ? ఇంతవరకు ఎవరూ అడగలేదు.” కోయని షీట్లు వెనక్కి తీసుకుంటానన్నాడు, కోసినవి తనకు సంబంధం లేదన్నాడు. నష్టం సంగతి అటుంచితే, నేనూ అలాగే చూడనట్టు ఊరుకుంటానని అతను అనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. ముందే పరీక్షించుకోవలసింది కదా అని కొందరు మిత్రులు నాకు హితవు చెప్పారు. ముద్ర, బిల్లు రెండూ ఉన్న సరుకును నమ్మడం తప్పని నేను ఒప్పుకోను.

ముహూర్తం దగ్గర పడింది. ఇంటి యజమాని, “ప్రస్తుతానికి ఇవే బిగించండి, తరువాత మార్చుకుందాం” అన్నారు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. బంధువులు వస్తారు, ఇల్లు నిండుగా కనిపించాలి. మా ఇంట్లో లెక్కలు చూసే నా భార్య కూడా అదే మాట అంది, ఎందుకంటే చివరి విడత డబ్బు బిగింపుతో ముడిపడి ఉంది. ఆ రాత్రి ఎంతకూ తేల్చుకోలేకపోయాను. బిగిస్తే టిఫిన్ గట్టు గ్రానైటు ఆ పలక మీద కూర్చుంటుంది, తరువాత పలక తీయాలంటే గ్రానైటు పగిలే ప్రమాదం ఉంది. అంతకంటే ముఖ్యం, కాపురం మొదలై సామాను సర్దుకున్న వంటగదిని మళ్ళీ విప్పమని ఎవరూ పిలవరు, పిలవనప్పుడు మేమూ వెళ్ళము. నన్ను నేను ఎరుగుదును కాబట్టే, బిగించనని తెల్లవారి చెప్పాను. యజమాని నొచ్చుకున్నారు. పెద్దావిడ మాత్రం, “పాలు పొంగించడానికి పొయ్యి ఉంటే చాలు బాబూ” అన్నారు. వంటగట్టు అప్పటికే కడప బండల మీద కట్టి ఉంది కనుక పాలు దాని మీదే పొంగాయి. కింద ఖాళీ గూళ్ళు చూసినవారు చూశారు, అనవలసినవి అన్నారు. తరువాత వేరే చోటి నుంచి తెచ్చిన సరుకుతో అన్నీ మళ్ళీ చేసి బిగించాము. అదనపు ఖర్చు మేమే భరించాము.

ఇక మీకు సంబంధించిన విషయాలు. వచ్చిన ప్రతి లోడు నుంచి ఒక ముక్కను 72 గంటలు ఉడికించి చూసిన తరువాతే కోత మొదలుపెడతాము. కొత్త వ్యాపారులు మా పరిమాణానికి వెంటవెంటనే సరుకు పంపడం లేదు కాబట్టి, ఆరు వారాల గడువు ఇకపై ఎనిమిది వారాలు. ఇప్పటికే ఒప్పుకున్న ధరలు మారవు. పాత వ్యాపారి సరుకుతో గత ఏడాదిగా చేసిన వంటగదులన్నిటికీ మేమే వచ్చి, సింక్ కింది బాక్సులో కనిపించని చోట చిన్న ముక్క తీసి పరీక్షిస్తాము. తేడా ఉంటే ఆ బాక్సు మా ఖర్చుతో మారుతుంది. షీటు మీది ఐ.ఎస్.ఐ. గుర్తుతో ఉండే సీఎం/ఎల్ నంబరును, అంటే తయారీదారు లైసెన్సు నంబరును, మీరే బి.ఐ.ఎస్. (భారతీయ ప్రమాణాల సంస్థ) కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు, ఆ ఫొటో ప్రతి బిల్లుతోనూ పంపుతాము.

ముహూర్తం పెట్టుకున్నవారు ఆ తేదీ ఆర్డరు రోజునే చెప్పండి. ఎనిమిది వారాల కంటే ముందున్న తేదీకి, పరీక్ష మానేసి పని అందించమని అడిగితే మాత్రం ఆ పని మేము చేయము. అప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, మొత్తం తిరిగి ఇచ్చేస్తాము.