కౌన్సెలర్ ఎవరి తరఫు మనిషి? మన దివ్యాంగుల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, పిల్లల తరఫున సభ్యులుగా ఉన్న తల్లిదండ్రులకీ నమస్కారం. జమాఖర్చుల కాగితం విడిగా పంపాం, అందులో అనుమానాలుంటే సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారిని అడగండి. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒక్క విషయం మీదే రాస్తున్నాను, ఎందుకంటే ఏడాదంతా మన ఆఫీసులో జరిగిన మంచి అయినా గొడవ అయినా దాని చుట్టూనే తిరిగింది. అదే, వైకల్యం ఉన్నవాళ్లు తమ పనీ బతుకూ చక్కబెట్టుకోవడానికి తోడుండే పునరావాస కౌన్సెలర్‌ని పెట్టుకోవడం.

మిగతావి ముందే చెప్పేస్తాను. జనవరి 4న బ్రెయిలీ దినోత్సవం, డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం ఎప్పటిలాగే ఆటల పోటీలతో, భోజనాలతో జరిగాయి. ట్రైసైకిళ్లకీ వినికిడి యంత్రాలకీ దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అర్జీలు పెట్టించాం, కొందరికి వచ్చాయి, కొందరు ఇంకా ఎదురుచూస్తున్నారు. యూడీఐడీ, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుల దరఖాస్తులు ఆఫీసులోనే ఉచితంగా నింపిపెట్టాం. కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు వైపు నుంచి ఈసారి కొత్త సభ్యులు చేరారు. అంతే.

కౌన్సెలర్ గారు శనివారాలు వస్తున్నారు. తీసుకునే ముందు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, ఆవిడ రిజిస్ట్రేషన్ చూశాం. "అంత పట్టింపు ఎందుకండీ, మాకు తెలిసిన కుర్రాడున్నాడు, చక్కగా మాట్లాడతాడు, డబ్బు కూడా తక్కువే" అని కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ఏం చెబుతుందంటే, దేశం మొత్తానికీ పెట్టిన పునరావాస రిజిస్టరులో పేరు లేనివాళ్లు ఈ వృత్తి చేయకూడదు, చేస్తే ఏడాది వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. జరిమానా ఈ రోజుల్లో నవ్వొచ్చేంత చిన్నదే, ఒప్పుకుంటా. కానీ రిజిస్టరులో ఉన్నవాళ్లకి 1998లో ఆ మండలే పెట్టిన ప్రవర్తనా నియమావళి ఉంది, తప్పు జరిగితే ఫలానా చోట ఫిర్యాదు చేయొచ్చన్న ధైర్యం మనకుంటుంది. చక్కగా మాట్లాడే కుర్రాడి మీద ఎవరికి చెప్పుకుంటాం?

మొదట్లో చాలామంది కౌన్సెలర్ అంటే ధైర్యం చెప్పే మనిషి అనుకున్నారు. ధైర్యం చెప్పడం అందులో ఒక ముక్క మాత్రమే. ఏం చదివారు, ఏ పని చేయగలరు, ఏ పని ఇష్టం, బస్సెక్కగలరా, ఇంట్లో ఎవరు తోడుంటారు, ఏ పరికరం ఉంటే పని సులువవుతుంది, ఇవన్నీ కూర్చుని రాసుకుని, ఆ మనిషితో కలిసి ఒక ప్రణాళిక వేసి, దాని వెంట నెలల తరబడి తిరగడం వాళ్ల పని. ఉపాధి శిక్షణ అవసరమైతే హైదరాబాద్‌లో కేంద్ర కార్మిక శాఖ వాళ్ల దివ్యాంగుల కెరీర్ కేంద్రానికి, మేధో వైకల్యం ఉన్న పిల్లలైతే ఆ వైకల్యం కోసమే ఉన్న జాతీయ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి, లేదంటే వాటికంటే దగ్గరని దివ్యాంగుల పునరావాస కేంద్రమైన నెల్లూరు సీఆర్‌సీకి రాసి పంపడం కూడా అందులో భాగమే. తనకి రాని పని తనకి రాదని చెప్పి సరైన చోటికి పంపడం ఆవిడలో నాకు బాగా నచ్చిన గుణం.

ఇక గొడవల సంగతి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని శరీర కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. డిగ్రీ అయిపోయింది, మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. కౌన్సెలర్ గారు ఏది అడిగినా అమ్మే జవాబు. చివరికి "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, మీ అమ్మాయి చెప్పింది నేను నిదానంగా వింటాను" అన్నారు. ఆ తల్లికి కోపం వచ్చింది, నాకు ఫోన్ చేసి మరీ దులిపేసింది. ఇరవై ఏళ్లు నోట్లో ముద్ద పెట్టి పెంచినదాన్ని బయటికి పొమ్మంటే ఎవరికైనా బాధే, ఆవిడని తప్పుపట్టను. లోపల ఆ అమ్మాయి ఏం చెప్పిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. అడిగితే కౌన్సెలర్ గారు నాకే చెప్పలేదు, "కార్యదర్శి అయినా సరే సార్" అన్నారు. జీతం ఇచ్చే సంఘం కూడా గదిలో మాటకి హక్కుదారు కాదని ఆ రోజు కమిటీలో తీర్మానం రాసుకున్నాం.

ఈ గోప్యతకి మినహాయింపులు ఉన్నాయి, అవి మొదటి రోజే చదివి వినిపిస్తారు. ప్రాణం తీసుకుంటానన్న సూచన కనబడినా, ఇంకొకరి ప్రాణానికి ముప్పున్నా మాట బయటికి చెప్పాల్సి వస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, అక్కడ "పరువు" అన్న మాట పనిచేయదు.

రెండోది ఉద్యోగం గొడవ. ప్రభుత్వ సంస్థలో పనిచేస్తూ పడిపోయి నడుము కింద స్పర్శ పోయిన సభ్యుడు ఒకాయన ఉన్నారు. పైవాళ్లు "రిటైర్మెంట్ రాసిచ్చేయండి, మీ అబ్బాయి ఉద్యోగం సంగతి చూస్తాం" అన్నారు. ఇంట్లో అందరికీ అదే బాగుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని, పాత పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టులోకి మార్చాలని, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు చూపించైనా ఉంచాలని ఉంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా, రంగులు సరిగా గుర్తించలేకపోతున్నాడని ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కి వేరే ఉద్యోగం ఇవ్వమని ఆదేశించింది. కౌన్సెలర్ గారు ఈ రెండు దారులూ, రెండింటిలో లాభనష్టాలూ ఆయన ముందు పెట్టారు, ఏది మంచిదో మాత్రం చెప్పలేదు. ఆయన బాగా ఆలోచించుకుని కుర్చీలో కూర్చుని చేసే పని కావాలని అర్జీ పెట్టారు. కొడుకు మన ఆఫీసు గుమ్మం తొక్కడం మానేశాడు. "కౌన్సెలర్ మా కుటుంబానికి అన్యాయం చేసింది" అని రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చాడు. విచారించాం. ఆవిడ కుటుంబానికి కౌన్సెలర్ కాదు, ఆయనకి కౌన్సెలర్. ఫిర్యాదు మూసేశాం.

మూడోది ఆస్తి వ్యవహారం, ఇది రాయడానికే ఇబ్బందిగా ఉంది. కొంచెం మేధో వైకల్యం ఉన్న ఒక సభ్యురాలికి తండ్రి వాటాగా ఇల్లు వచ్చింది, పోర్షన్ అద్దెకిచ్చుకుని బతుకుతోంది. దగ్గరివాళ్లు వచ్చి "ఆవిడకి ఏమీ తెలియదని ఒక లెటర్ ఇవ్వండి మేడమ్, ఆవిడ వ్యవహారాలు మేమే చూసుకునేలా సంరక్షకత్వానికి పెట్టుకుంటాం" అన్నారు. ఆవిడతో విడిగా మాట్లాడకుండా ఒక్క అక్షరం రాయనన్నారు కౌన్సెలర్ గారు. మాట్లాడాక ఆ లెటర్ రాయడం కుదరదని, ఏయే విషయాల్లో ఆవిడకి సాయం కావాలో అవి మాత్రం రాస్తానని అన్నారు. అదే దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకి కూడా ఆస్తి కలిగి ఉండే, డబ్బు వ్యవహారం నడుపుకునే హక్కు అందరితో సమానంగా ఉంది. సాయం చేసేవాళ్లకే ఆ లావాదేవీలో స్వలాభం ఉంటే వాళ్లు పక్కకి తప్పుకోవాలని కూడా అందులోనే ఉంది. ఈ రెండో మాట మన ఊళ్లో ప్రతి పంచాయితీ పెద్దకీ వినిపించాలనిపించింది.

పింఛన్ల టెన్షన్ మీ అందరికీ తెలిసిందే. ఈ ఏడాది వైకల్య శాతం చూపే సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించడంతో నోటీసులు వచ్చినవాళ్లు ఆఫీసుకి పరుగెత్తుకొచ్చారు. నెలనెలా వచ్చే 6,000 రూపాయల పింఛను ఆగిపోతే ఇల్లు గడవనివాళ్లే వాళ్లంతా. అప్పీలు కాగితాలు రాయించాం, సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే కలెక్టరేట్ పీజీఆర్‌ఎస్‌కి తోడు వెళ్లాం. కానీ "పర్సంటేజీ కాస్త పెరిగేలా మేడమ్‌తో డాక్టర్లకి ఒక మాట చెప్పించండి" అన్నవాళ్లకి నేనే కుదరదని చెప్పాను. శాతం తేల్చేది మెడికల్ బోర్డు. కౌన్సెలర్ అబద్ధం ఒక్కసారి రాస్తే, రేపు నిజంగా పథకాలకి అవసరమైన 40 శాతం దాటినవాళ్ల కోసం రాసిన కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు. దళారులు మాత్రం ఆస్పత్రి గేటు దగ్గరే ఉంటున్నారు, వాళ్లకి డబ్బులు ఇవ్వకండి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. వినికిడి యంత్రాలు అమ్మే ఒక షాపువాళ్లు మనం పంపే ప్రతి మనిషికీ సంఘానికి కమీషన్ ఇస్తామన్నారు, వార్షికోత్సవం ఖర్చు కూడా పెట్టుకుంటామన్నారు. కోశాధికారి గారికి ఆశ కలిగింది, ఆయన్ని అనడానికి లేదు, ఖజానా అలా ఉంది మరి. అయినా వద్దన్నాం. మన కౌన్సెలర్ ఫలానా యంత్రం కొనమంటే అది చెవి కోసమా కమీషన్ కోసమా అని సభ్యుడికి అనుమానం వస్తే ఆ కుర్చీకి విలువ ఉండదు. పండక్కి తెచ్చిన చీరలూ స్వీట్ బాక్సులూ కూడా ఆవిడ తిప్పి పంపుతున్నారు, దయచేసి నొచ్చుకోకండి.

లోటుపాట్లు చాలానే ఉన్నాయి. బధిర సభ్యులకి సైన్ లాంగ్వేజ్ దుబాసీ దొరక్క అన్నదమ్ములతోనే మాట్లాడించాల్సి వస్తోంది, అప్పుడు పైన చెప్పిన గోప్యత అంతా గాలికి పోయినట్టే. కౌన్సెలింగ్ గదికి తలుపు ఉంది కానీ పై సగం జాలీ కావడంతో లోపలి మాట వరండాలోకి వినబడుతోంది. ఫైళ్లకి తాళమున్న బీరువా లేదు. మంచం దిగలేని సభ్యుల ఇళ్లకి ఆవిడ వెళ్లడానికి ఆటో ఖర్చు బడ్జెట్‌లో పెట్టలేదు.

అందుకే వచ్చే సమావేశంలో ఓటుకి పెడుతున్నవి: సభ్యత్వ రుసుము పెంపు, ఆ డబ్బుతో బీరువా, తలుపు మరమ్మతు, నెలకి ఒక శనివారం దుబాసీ. కౌన్సెలర్ మీద ఫిర్యాదులు వినడానికి ముగ్గురితో ఒక ఉపసంఘం కూడా వేయాలి, అందులో ఇద్దరు తప్పనిసరిగా దివ్యాంగులే ఉండాలని నా ప్రతిపాదన, తల్లిదండ్రుల్లోంచి ఒక్కరు చాలు. దీనిమీద వాదన జరుగుతుందని తెలుసు, సిద్ధపడే రండి. మేడ మీది హాలు కాకుండా ఈసారి కింద స్కూలు వరండాలో పెడుతున్నాం, ర్యాంపు ఉంది.

ఇట్లు,
కార్యదర్శి